రిక్వైర్‌మెంట్ పక్కన కారణం కూడా రాయండి

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: నాలుగేళ్లు టెస్టింగ్‌లో పనిచేసి ఈ మధ్యే బిజినెస్ అనలిస్ట్‌గా మారారు. బస్సు టికెట్ల బుకింగ్ ప్రాజెక్టు ఇచ్చారు. చేతిలో 120 పేజీల ఎస్‌ఆర్‌ఎస్ (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో, అంటే రిక్వైర్‌మెంట్లను, రాసిన డాక్యుమెంట్) ఉంది, దాన్ని ఎవరూ తెరవడం లేదు. క్లయింట్ వారం వారం కొత్త మాట చెబుతున్నారు, డెవలపర్లు మీ మీద విసుక్కుంటున్నారు. అజైల్ (చిన్న చిన్న విడతల్లో సాఫ్ట్‌వేర్ తయారుచేసే పద్ధతి) అన్నాక అసలు డాక్యుమెంట్ కావాలా, మార్పులను ఎలా అదుపులో పెట్టాలి, ఏ టూల్ వాడాలి అని అడిగారు. ఉదాహరణకు మీ డాక్యుమెంట్‌లోని ఒక వాక్యం కూడా ఇచ్చారు: "ప్రయాణికుడు బస్సు బయల్దేరడానికి 2 గంటల ముందు వరకు టికెట్ రద్దు చేసుకోవచ్చు."

ఆ ఒక్క వాక్యం చాలు, మీ ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తోంది. ఏం కావాలో అందులో ఉంది, ఎందుకు కావాలో లేదు. మిగతా 120 పేజీలూ ఇలాగే ఉంటాయని నా అంచనా. కారణం రాయని రిక్వైర్‌మెంట్‌ను మార్చడానికి ఎవరికీ ధైర్యం చాలదు, తీసేయడానికీ చాలదు. క్లయింట్ కొత్త మాట చెప్పినప్పుడు అది పాతదానికి విరుద్ధమో, పొడిగింపో తేల్చుకోవడానికి ఆధారమే ఉండదు. అందుకే ప్రతి మార్పూ గొడవ అవుతుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

కారణం తెగిపోయిన రిక్వైర్‌మెంట్ ఎంత నష్టం చేస్తుందో చెప్పడానికి ఏరియాన్ 5 రాకెట్ కన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి అది మొదటిసారి లేచింది. ప్రధాన ఇంజిన్ రాజుకున్న సుమారు 40 సెకన్లకే దారి తప్పి పేలిపోయింది. అందులోని నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ పోయాయి. ఈ కథను చాలామంది ప్రోగ్రామింగ్ పాఠంగానే చెబుతారు: 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే పట్టలేదు, సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. అది నిజమే. కానీ అదే ఏడాది జులైలో వచ్చిన విచారణ నివేదికను ఓపికగా చదివితే, అది ఒక రిక్వైర్‌మెంట్ కథ అని అర్థమవుతుంది.

రాకెట్ ఎటు తిరిగి ఉంది, ఎంత వేగంతో వెళ్తోంది అని చెప్పే ఇనర్షియల్ రిఫరెన్స్ సిస్టమ్ అందులో ఉంటుంది. ఎగరడానికి ముందు దాన్ని సరిగ్గా అమర్చే అలైన్‌మెంట్ లెక్కలు వేరే ఉంటాయి. నేల విడిచాక ఆ లెక్కలతో పనిలేదు. అయినా పాత ఏరియాన్ రాకెట్లలో ఫ్లైట్ మోడ్ మొదలయ్యాక 50 సెకన్ల పాటు అవి నడుస్తూనే ఉండాలని రాసుకున్నారు. దానికి మంచి కారణమే ఉంది. కౌంట్‌డౌన్ చివరి 9వ సెకనుకు, 5వ సెకనుకు మధ్య ఏదైనా అడ్డం వచ్చి ఆపాల్సి వస్తే, అలైన్‌మెంట్ మళ్లీ మొదటి నుంచి చేయడానికి 45 నిమిషాలు, అంతకన్నా ఎక్కువ పడుతుంది. ప్రయోగానికి దొరికే సమయం తక్కువైతే ఆ రోజు చేజారినట్టే. లెక్కలు నడుస్తూ ఉంటే కౌంట్‌డౌన్ వెంటనే తిరిగి మొదలుపెట్టవచ్చు. 1989లో 33వ ప్రయోగంలో ఒకసారి ఇది నిజంగానే ఉపయోగపడింది.

ఏరియాన్ 5లో ప్రయోగ సన్నాహాల క్రమం వేరు. ఆ అవసరమే లేదు. అయినా, ఏరియాన్ 4లో బాగా పనిచేసిన సాఫ్ట్‌వేర్‌ను కదిలించడం ఎందుకని ఉంచేశారు. మరోవైపు ఏరియాన్ 5 మొదటి సెకన్లలో పక్కకు వెళ్లే వేగం ఏరియాన్ 4 కన్నా చాలా ఎక్కువ. ఆ ప్రయాణ మార్గం వివరాలు ఈ పరికరం స్పెసిఫికేషన్‌లో రిక్వైర్‌మెంట్‌గా లేనే లేవు. దాంతో అక్కర్లేని లెక్క, ఊహించని విలువతో, ప్రధాన ఇంజిన్ రాజుకున్నాక సుమారు 37 సెకన్లకు కూలింది. బ్యాకప్ పరికరంలోనూ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అది అంతకు క్షణం ముందే కూలిపోయి ఉంది.

నివేదికలో నన్ను ఎక్కువగా పట్టుకున్న భాగం ఇంకొకటి. ఇలా పొంగిపొర్లే ప్రమాదం ఉన్న చలరాశులు ఏడని ముందే గుర్తించారు. ప్రాసెసర్ మీద భారం 80 శాతం దాటకూడదన్న లక్ష్యం ఉండటంతో నాలుగింటికి రక్షణ పెట్టి మూడింటిని వదిలేశారు. వాటి విలువలు అంత పెద్దవి కావడానికి వీల్లేదని తర్కించుకున్నారు. అది అందరూ ఒప్పుకున్న నిర్ణయమే. కానీ ఆ సమర్థన కోడ్‌లో ఎక్కడా కనబడలేదనీ, కుప్పలు తెప్పలుగా ఉన్న డాక్యుమెంట్లలో అది మరుగున పడిపోయిందనీ విచారణ సంఘం రాసింది. కారణం ఎక్కడో ఉంది. దాని మీద ఆధారపడిన వాక్యం పక్కన మాత్రం లేదు.

ఇప్పుడు మీ బస్సు దగ్గరికి వద్దాం. "బయల్దేరడానికి 2 గంటల ముందు వరకు" అన్నారు. ఎక్కడి నుంచి బయల్దేరడానికి? హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లే బస్సు మియాపూర్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు మొదలై, కూకట్‌పల్లి, అమీర్‌పేట మీదుగా ఎల్బీనగర్ చేరేసరికి పదకొండవుతుంది. సూర్యాపేటలో ఎక్కేవాళ్లకు అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. ఎల్బీనగర్‌లో ఎక్కాల్సిన మనిషి ఎనిమిదింటికి టికెట్ రద్దు చేయబోతే మీ యాప్ ఏం చెప్పాలి? మియాపూర్ సమయం ప్రకారం గడువు దాటింది. ఎల్బీనగర్ సమయం ప్రకారం ఇంకా గంట ఉంది. డెవలపర్ ఒకలా అనుకుంటాడు, టెస్టర్ ఇంకోలా అనుకుంటాడు, డబ్బు పోయిన ప్రయాణికుడు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మూడో రకంగా వాదిస్తాడు. ముగ్గురూ మీ వాక్యాన్నే చూపిస్తారు.

క్లయింట్‌ను "ఏ సమయం లెక్కలోకి తీసుకోవాలి?" అని మాత్రమే అడిగితే ఆ క్షణానికి తోచింది చెబుతారు. వచ్చే వారం వేరే మనిషి మీటింగ్‌కు వస్తే వేరేది చెబుతారు. "ఈ రెండు గంటలు ఎందుకు పెట్టారు?" అని అడిగి చూడండి. రెండు రకాల జవాబులు రావచ్చు. ఒకటి: ఖాళీ అయిన సీటును మళ్లీ అమ్ముకోవడానికి కనీసం అంత సమయం కావాలి. అలాగైతే ప్రయాణికుడు ఎక్కే స్టాప్ సమయాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు, ఎందుకంటే ఆ సీటును ఆ స్టాప్‌లోనో తర్వాతి స్టాప్‌లోనో ఎక్కేవాళ్లకు అమ్ముతారు. రెండు: బస్సు మొదలయ్యే చోట ప్రయాణికుల చార్ట్ ప్రింట్ తీసి డ్రైవర్ చేతికిస్తారు, ఆ తర్వాత మార్పులు ఆయనకు చేరవు. అలాగైతే మియాపూర్ సమయమే లెక్క. ఒకే వాక్యం, కారణాన్ని బట్టి రెండు వేర్వేరు ప్రోగ్రాములు.

రెండో కారణమే నిజమనుకోండి. ఆరు నెలలకు ఆపరేటర్ డ్రైవర్లకు ట్యాబ్‌లు ఇచ్చాడు, చార్ట్ ఎప్పటికప్పుడు అందులోకే వస్తుంది. అప్పుడు మీ రెండు గంటల నిబంధనకు కాలం చెల్లింది. కారణం పక్కనే రాసి ఉంటే, "ఇక దీన్ని ఉంచాలా?" అని ఎవరైనా అడుగుతారు. రాసి లేకపోతే పదేళ్లయినా అలాగే ఉంటుంది, ఏరియాన్‌లో అలైన్‌మెంట్ ఉన్నట్టు.

కాబట్టి ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను:

"ప్రయాణికుడు టికెట్ రద్దు కోరినప్పుడు, బస్సు మొదటి స్టాప్ నుంచి బయల్దేరవలసిన షెడ్యూల్ సమయానికి ఇంకా 2 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, సిస్టమ్ టికెట్‌ను రద్దు చేసి రీఫండ్ మొదలుపెట్టాలి.
కారణం: 2 గంటల ముందు ప్రయాణికుల చార్ట్ ప్రింట్ అవుతుంది, ఆ తర్వాత మార్పులు డ్రైవర్‌కు చేరే మార్గం లేదు.
చెప్పినవారు: ఆపరేషన్స్ మేనేజర్, ఫలానా తేదీ మీటింగ్‌లో.
ఎలా పరీక్షిస్తాం: షెడ్యూల్ సమయానికి సరిగ్గా 2:00, 2:01, 1:59 గంటల ముందు; ఎల్బీనగర్, సూర్యాపేట స్టాప్‌ల టికెట్లతో."

"షెడ్యూల్ సమయం" అన్నది కావాలనే పెట్టాను. బస్సు గంట ఆలస్యంగా బయల్దేరితే గడువు కూడా గంట జరుగుతుందా అనే ప్రశ్నకు అది జవాబు. సూర్యాపేట టికెట్‌ను టెస్ట్‌లో పెట్టడానికీ కారణముంది. 12వ తేదీ బస్సు అక్కడికి వచ్చేది 13వ తేదీ తెల్లవారుజామున. టికెట్ మీద 12 అని ఉంటే కొంతమంది ఒక రోజు ముందు రాత్రి వచ్చి రోడ్డు మీద నిలబడతారు, 13 అని ఉంటే కొంతమంది ఒక రోజు ఆలస్యంగా వస్తారు. తేదీ ఎలా చూపించాలన్నది స్క్రీన్ డిజైన్ వ్యవహారంలా కనిపించినా, అర్ధరాత్రి పిల్లలతో, సామాన్లతో నిలబడే కుటుంబానికి సంబంధించిన రిక్వైర్‌మెంట్ అది. మీ 120 పేజీల్లో దాని గురించి ఒక్క వాక్యమైనా ఉందేమో చూడండి.

ఇలాంటివి మీటింగ్ రూమ్‌లో దొరకవు. మీటింగ్‌కు వచ్చేది మేనేజర్లు. వాళ్లకు పని ఎలా జరగాలో తెలుసు, ఎలా జరుగుతోందో అన్నిసార్లూ తెలియదు. ఒక సాయంత్రం ఆపరేటర్ కౌంటర్ దగ్గర కూర్చోండి. కౌంటర్‌లో ఉండే మనిషి పక్కన పెట్టుకున్న నోట్‌బుక్‌లో ఏం రాసుకుంటున్నాడో చూడండి. ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్ ఏం చేయలేకపోతోందో ఆ నోట్‌బుక్ చెబుతుంది. కస్టమర్ కేర్‌కు వచ్చిన ఫిర్యాదులు అడగండి. రీఫండ్లు చూసే అకౌంట్స్ మనిషితో అరగంట మాట్లాడండి, యూపీఐలో డబ్బు కట్ అయి టికెట్ రాని కేసులన్నీ ఆ మనిషికి నోటికి వచ్చి ఉంటాయి. డ్రైవర్లనూ క్లీనర్లనూ వదలకండి. చార్ట్‌లో పేరు ఎలా చదువుకుంటారు, రాని మనిషికి ఎన్ని నిమిషాలు ఆగుతారు, ఎవరికి ఫోన్ చేస్తారు అన్నీ అడగండి.

పేరు అన్నాను కాబట్టి ఒక మాట. మీ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ రెండూ తప్పనిసరి అని ఉంటుందని దాదాపు చెప్పగలను. మనలో చాలామంది ఇంటిపేరు ముందు రాస్తాం, కొందరు ఒక్క అక్షరంతో సరిపెడతాం, కొందరి పాస్‌పోర్ట్‌లో రెండో గడి ఖాళీగానే ఉంటుంది. అలాంటివాళ్ల అమెరికా వీసా మీద మొదటి పేరు చోట "ఎఫ్ఎన్‌యూ" అని అచ్చవుతుంది, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దానర్థం. అక్కడికి వెళ్లాక డ్రైవింగ్ లైసెన్స్ దగ్గర, బ్యాంకు దగ్గర దానితో పడే అవస్థ మీ స్నేహితుల్లో ఎవరిని అడిగినా చెబుతారు. పేరంటే రెండు ముక్కలు అనే నమ్మకం ఎవరూ రాయకుండానే రిక్వైర్‌మెంట్ అయి కూర్చుంది. మీ బస్సుకు పేరు ఎందుకు? గుర్తింపు కార్డుతో పోల్చి చూడటానికి. దానికి ఒక్క గడి చాలు.

ఇక రాసే పద్ధతి. రోల్స్ రాయిస్‌లో అలిస్టేర్ మావిన్, ఆయన సహచరులు 2009లో ఈయర్స్ అనే చిన్న పద్ధతిని ప్రచురించారు. విమాన ఇంజిన్ల కంట్రోల్ సిస్టమ్ నిబంధనల మీద పనిచేస్తూ తయారుచేసింది. ఎప్పుడూ వర్తించేవి, ఏదైనా జరిగినప్పుడు చేయాల్సినవి, ఒక స్థితి ఉన్నంతసేపు చేయాల్సినవి, ఒక ఫీచర్ ఉంటేనే వర్తించేవి, జరగకూడనిది జరిగితే చేయాల్సినవి అని రిక్వైర్‌మెంట్లను విడదీసి, ఒక్కోదానికి ఒక్కో వాక్య నమూనా ఇస్తుంది. నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. చివరి రకం మీద ఎక్కువ సమయం పెట్టండి. డబ్బు కట్ అయ్యింది, బ్యాంకు నుంచి జవాబు రాలేదు, అప్పుడు సీటును ఎన్ని నిమిషాలు పట్టి ఉంచాలి? ఇద్దరు ఒకే సీటును ఒకే క్షణంలో నొక్కితే ఎవరికి ఇవ్వాలి? బస్సే రద్దయితే రీఫండ్ అడగకుండానే వెళ్లాలా? క్లయింట్ అన్నీ సవ్యంగా జరిగే దారినే వర్ణిస్తారు, అది సహజం. సవ్యంగా జరగని దారులు అడిగి రాబట్టడమే అనలిస్ట్ జీతానికి తగిన పని. టెస్టింగ్‌లో గడిపిన మీ నాలుగేళ్లు ఇక్కడే అక్కరకు వస్తాయి.

"వేగంగా ఉండాలి", "సులభంగా ఉండాలి", "ఎప్పుడూ అందుబాటులో ఉండాలి" లాంటి వాక్యాలను గుర్తుపెట్టి క్లయింట్ దగ్గరికి తీసుకెళ్లండి. మామూలు మంగళవారం వేగం వేరు, సంక్రాంతి టికెట్లు తెరిచిన ఉదయం వేగం వేరు. ఆ ఉదయం ఒకే నిమిషంలో ఎంతమంది వస్తారని లెక్క కట్టాలి, వాళ్లలో 95 శాతం మందికి సీట్ల పటం ఎన్ని సెకన్లలో కనిపించాలి అని అంకె రాయించుకోవాలి. కిందటి సంక్రాంతి సర్వర్ లాగ్‌లు అడిగితే అంకె దానంతటదే వస్తుంది.

అయితే ఒప్పందంలో సరైన వాక్యం ఉండటమే చాలదని మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ చూపించింది. నాసా ఆ నౌకను 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి దగ్గర కోల్పోయింది. చిన్న ఇంజిన్లను మండించినప్పుడు కలిగే ప్రభావాన్ని న్యూటన్-సెకన్లలో ఇవ్వాలని ఇంటర్‌ఫేస్ స్పెసిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. భూమ్మీది సాఫ్ట్‌వేర్ ఒకటి పౌండ్-సెకన్లలో ఇచ్చింది. తేడా సుమారు 4.45 రెట్లు. రిక్వైర్‌మెంట్‌లో ఏ లోపమూ లేదు. ఆ సాఫ్ట్‌వేర్ దానికి లోబడి ఉందా అని సరిచూసే పరీక్ష సరిగ్గా జరగలేదు. అందుకే పై నమూనాలో "ఎలా పరీక్షిస్తాం" అనే వరుస పెట్టాను. ఆ వరుస నింపలేకపోతే రిక్వైర్‌మెంట్ ఇంకా తయారు కాలేదని అర్థం. టెస్ట్ టీమ్‌ను కోడ్ రాశాక కాకుండా, రిక్వైర్‌మెంట్ రాస్తున్నప్పుడే కూర్చోబెట్టండి.

ఇప్పుడు మీకు టెన్షన్ పెడుతున్న అసలు సంగతి, వారం వారం మార్పులు. మొదట ఒక విషయం ఒప్పుకోవాలి: మార్పు రావడం తప్పు కాదు. వ్యాపారం మారుతుంది, ప్రభుత్వ నిబంధనలు మారతాయి, క్లయింట్‌కు తన అవసరం తెరమీద చూశాకే అర్థమవుతుంది. లెక్కాపత్రం లేకుండా, ఎవరు ఒప్పుకున్నారో తెలియకుండా మార్పు లోపలికి రావడమే ప్రమాదం. అమెరికా ఎఫ్‌బీఐ వర్చువల్ కేస్ ఫైల్ అనే సాఫ్ట్‌వేర్ కట్టించుకోబోయింది. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత వాళ్ల అవసరాలే మారిపోయాయి. రిక్వైర్‌మెంట్ల డాక్యుమెంట్ 800 పేజీలు దాటింది, అయినా మార్పులు ఆగలేదు, ఎక్కడ గీత గీయాలో ఎవరూ తేల్చలేదు. సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో దాన్ని వదిలేశారు. దాని తర్వాత మొదలుపెట్టిన సెంటినెల్ కూడా వెనకబడితే, 2010లో ఎఫ్‌బీఐ ఆ పనిని తన చేతుల్లోకి తీసుకుని అజైల్ పద్ధతిలో నడిపించింది. 2012లో అది వాడుకలోకి వచ్చింది. పేజీల సంఖ్య పెంచితే అదుపు రాదని ఆ 800 పేజీలు చూపిస్తున్నాయి.

మీరు చేయాల్సింది: ఇవాళ అందరూ ఒప్పుకున్న రిక్వైర్‌మెంట్లను ఒక బేస్‌లైన్‌గా గుర్తు పెట్టండి, వెర్షన్ నంబర్ వేయండి. ఆ తర్వాత వచ్చే ప్రతి మార్పూ ఒక చేంజ్ రిక్వెస్ట్. అది ఏ రిక్వైర్‌మెంట్‌ను తాకుతోంది, ఆ రిక్వైర్‌మెంట్ కారణం ఇంకా ఉందా, ఏ స్క్రీన్లూ ఏ టెస్ట్‌లూ మారతాయి, ఎన్ని రోజులు పడుతుంది, దీని కోసం ఏది వెనక్కి జరుగుతుంది. ఇది అరపేజీ దాటకూడదు. చివరి ప్రశ్న ఎప్పుడూ వదలకండి. "చేయగలరా?" అని అడిగితే మనవాళ్లు అవుననే అంటారు. "దీన్ని చేస్తే రీఫండ్ రిపోర్ట్ వచ్చే నెలకు పోతుంది, ఏది ముందు కావాలి?" అని మీరు అడిగితే క్లయింట్ నిర్ణయం తీసుకుంటారు. నిర్ణయం ఆయనది, లెక్క మీది.

క్లయింట్ వైపు ఒప్పుకునే అధికారం ఎవరిదో ఒక్క పేరు రాయించుకోండి. వాట్సాప్‌లో మార్కెటింగ్ ఆయన పంపిన మెసేజ్‌కు డెవలపర్ నేరుగా కోడ్ మార్చేసే అలవాటు మీ టీమ్‌లో ఉంటే ఈ వారమే ఆపించండి. వాట్సాప్‌లో మాట్లాడుకోవద్దని కాదు, మాట్లాడుకున్నది సాయంత్రంలోపు చేంజ్ రిక్వెస్ట్‌గా మారాలి. రాత్రి కాల్‌లో చెప్పిన మాటలైతే, కాల్ అయిన వెంటనే మీరు అర్థం చేసుకున్నది మీ మాటల్లో రాసి మెయిల్ పెట్టండి. వాళ్ల మాటలనే తిరిగి పంపితే తప్పు అర్థాలు బయటపడవు, వాళ్లు "ఓకే" అంటారు. మీ మాటల్లో, మీ ఉదాహరణతో రాస్తే ఎక్కడ తేడా ఉందో వాళ్లకు కనిపిస్తుంది.

ఇక్కడ మన ఆఫీసుల గురించి ఒక మాట గట్టిగానే చెప్పాలి. హైదరాబాద్‌లో కూర్చుని వేరే దేశపు క్లయింట్‌తో పనిచేసే టీముల్లో, ప్రశ్న అడిగితే తెలియదనుకుంటారేమో అనే భయం చాలా ఎక్కువ. ఆన్‌సైట్‌లో ఉన్న అన్న విని చెప్పిందే రిక్వైర్‌మెంట్ అయిపోతుంది, అడగాల్సింది మధ్యలోనే మిగిలిపోతుంది. కొత్తగా చేరిన అమ్మాయి "ఇది ఎందుకండీ?" అని అడిగితే నవ్వే సీనియర్లను చూశాను. ఆ నవ్వు ప్రాజెక్టుకు చాలా ఖరీదు. మీ మీటింగ్‌లో ఎందుకు అనే ప్రశ్నను మీరే ముందు అడగండి, మిగతావాళ్లు అడగడానికి దారి పడుతుంది.

ప్రాధాన్యం గురించి క్లుప్తంగా. క్లయింట్ అన్నీ అత్యవసరమే అంటారు. ఒరాకిల్‌లో పనిచేసిన డాయ్ క్లెగ్ 1994లో రూపొందించిన మాస్కో పద్ధతి మీకు తెలిసే ఉంటుంది: తప్పనిసరి, ఉండాల్సినవి, ఉంటే మంచివి, ఈసారికి వద్దు. దాన్ని వాడే డీఎస్‌డీఎమ్ (అజైల్ పద్ధతుల్లో ఒకటి) వాళ్లు తప్పనిసరివి మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదంటారు. ఆ హద్దు పెట్టుకోకపోతే నాలుగు గడుల్లో మొదటిదే నిండుతుంది. నాలుగో గడి ఖాళీగా వదలకండి. ఈసారికి చేయడం లేదని రాసిపెట్టిన జాబితా, యూఏటీలో (క్లయింట్ వైపు వాళ్లు చేసే చివరి పరీక్షలో) వచ్చే చాలా వాదనలను ముందే తీర్చేస్తుంది.

అజైల్‌లో డాక్యుమెంట్ కావాలా అన్నారు. 2001 అజైల్ మ్యానిఫెస్టో డాక్యుమెంట్లు వద్దనలేదు. పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువ ఇస్తామంది, రెండోవైపు ఉన్నవాటికీ విలువ ఉందని అదే పేజీలో ఒప్పుకుంది. వాటర్‌ఫాల్‌కు (ఒక దశ పూర్తయ్యాకే తర్వాతి దశ మొదలుపెట్టే పద్ధతికి) మూలమని అందరూ చూపించే విన్‌స్టన్ రాయిస్ 1970 వ్యాసంలో కూడా, మెట్ల బొమ్మ గీసిన వెంటనే, ఇలా నేరుగా అమలుచేస్తే ప్రమాదమని ఆయనే హెచ్చరించాడు. రెండు శిబిరాలుగా విడిపోయి వాదించుకోవాల్సినంత దూరం ఆ రెండింటి మధ్య లేదు. అజైల్‌లో వాడుకరి అవసరాన్ని చిన్నగా రాసే యూజర్ స్టోరీ అంటే ఒక కార్డు, దాని మీద సంభాషణ, చివరికి నిర్ధారణ అని రాన్ జెఫ్రీస్ చెప్పింది మీకు సరిగ్గా సరిపోతుంది. చాలా టీముల్లో కార్డు రాస్తారు, సంభాషణ జరుగుతుంది, నిర్ధారణ మాత్రం రాయరు. స్టోరీ నమూనాలో "ఎందుకంటే" అనే చివరి భాగం ఉంటుంది కదా, దాన్ని "టికెట్ రద్దు చేసుకోవడానికి" అని మొదటి భాగాన్నే తిప్పి నింపేస్తారు. అక్కడ అసలు కారణం రాయండి.

స్టోరీ పూర్తయ్యాక మూసేస్తారు. రద్దు నిబంధన మాత్రం సాఫ్ట్‌వేర్ ఉన్నంత కాలం ఉంటుంది. ఏడాది తర్వాత చేరిన మనిషి 600 మూసేసిన స్టోరీలు చదివి ఇప్పటి నిబంధన ఏమిటో తేల్చుకోలేడు. అందుకని వ్యాపార నిబంధనలు, ఇతర సిస్టమ్‌లతో ఇంటర్‌ఫేస్‌లు, వేగం, భద్రత లాంటి అంకెలు స్టోరీల బయట ఒక చోట ఉండాలి, ఎప్పటికప్పుడు తాజాగా ఉండాలి. మీ ఎస్‌ఆర్‌ఎస్ బహుశా ఐఈఈఈ 830 అనే పాత ప్రమాణం నమూనాలో ఉండి ఉంటుంది, ఇంటర్నెట్‌లో దొరికే టెంప్లేట్లు ఎక్కువగా అవే. ఆ ప్రమాణం స్థానంలో 2011లో ఐఎస్ఓ/ఐఈసీ/ఐఈఈఈ 29148 వచ్చింది, 2018లో దాన్ని సవరించారు. టెంప్లేట్ మార్చడానికి శ్రమపడకండి. ఉన్న 120 పేజీలు తిరగరాయనూ వద్దు. వచ్చే రెండు స్ప్రింట్లలో (అజైల్ పని విడతల్లో) డెవలపర్లు ముట్టుకోబోయే రిక్వైర్‌మెంట్లను మాత్రమే తీసి, వాటికి కారణం, చెప్పినవారు, పరీక్ష చేర్చండి. ప్రతి స్ప్రింట్‌కూ అలాగే. కొన్ని నెలలకు వాడుకలో ఉన్న భాగమంతా బాగుపడుతుంది. ఎవరూ ముట్టని పేజీల్లో, కారణం ఎవరికీ తెలియని వాక్యాలు బయటపడితే క్లయింట్‌తో మాట్లాడి తీసేయండి.

టూల్ సంగతి చివరికి వదిలేయడానికి కారణం, అది అన్నిటికన్నా తేలికైన నిర్ణయం. మీ దగ్గర జిరా (పనులను నమోదు చేసే టూల్), కాన్‌ఫ్లుయెన్స్ (డాక్యుమెంట్లు రాసే టూల్) ఉంటే అవే చాలు. కాన్‌ఫ్లుయెన్స్‌లో నిబంధన, దానికి ఒక నంబర్, జిరా స్టోరీలో ఆ నంబర్, టెస్ట్ కేసులో అదే నంబర్. ఏ నిబంధన మారితే ఏ టెస్ట్‌లు తిరిగి నడపాలో ఆ నంబర్ వెతికితే దొరకాలి, అంతే. రెండు మూడు వందల రిక్వైర్‌మెంట్ల వరకు ఎక్సెల్ షీట్ కూడా నడుస్తుంది, ఒక్కరే దానికి బాధ్యులుగా ఉంటే. డోర్స్ లాంటి పెద్ద టూల్స్ విమానాలు, రైల్వే సిగ్నళ్లు, వైద్య పరికరాల రంగాల్లో కనిపిస్తాయి. అక్కడ, ఉదాహరణకు విమాన సాఫ్ట్‌వేర్‌కు వర్తించే డీఓ-178సీ ప్రకారం, ప్రతి రిక్వైర్‌మెంట్ నుంచి కోడ్‌కూ టెస్ట్‌కూ, తిరిగి వెనక్కీ గొలుసు చూపించాల్సిందే. బస్సు టికెట్లకు అంత అక్కర్లేదు, డబ్బు చేతులు మారే రీఫండ్ భాగానికి తప్ప. ఆ ఒక్క భాగానికి మాత్రం గొలుసు పూర్తిగా కట్టండి, ఆడిట్ వాళ్లు మొదట అడిగేది అదే.